సూదిమందు వాడేవాళ్ళ సంఘం

"మత్తుమందు వాడేవాళ్ళకి కూడా ఒక సంఘమా?" ఈ విషయం రాద్దామనుకున్నప్పుడు మాలోనే కొందరు అడిగిన మాట ఇది. సందుల్లో సూది గుచ్చుకుని పడిపోయేవాళ్ళు, ఇంట్లో సామాను అమ్ముకునేవాళ్ళు, కన్నవాళ్ళు కూడా గడప తొక్కనివ్వని వాళ్ళు సంఘం పెట్టి ఏం చేస్తారు?

చేశారు. కెనడా దేశంలో పడమటి సముద్రం ఒడ్డున వాంకూవర్ పట్నంలో 1998లో అలాంటి సంఘం ఒకటి లేచింది. దాన్ని పొట్టిగా వాండూ అంటారు. వాంకూవర్ ప్రాంత మత్తుమందు వాడకందార్ల సంఘం అని దాని అర్థం. వాడుతున్నవాళ్ళూ, ఒకప్పుడు వాడినవాళ్ళే దాని సభ్యులు. కమిటీలో కూర్చునేదీ వాళ్ళే. వాడనివాళ్ళు వచ్చి సాయం పట్టొచ్చు గానీ వాళ్ళకి ఓటు లేదు. మన కోసం మాట్లాడతామంటూ వచ్చి మన నెత్తినెక్కే పెద్దమనుషుల్ని చూసి చూసి ఉన్నాం గనక, ఈ ఒక్క నిబంధన కోసమైనా ఆ కథ మన కార్యకర్తలకి తెలియాలనుకున్నాం.

ముందు ఆ పేట సంగతి. డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ అంటారు. హేస్టింగ్స్ వీధి, మెయిన్ వీధి కలిసే కూడలి చుట్టూ ఉన్న పేట. అడవుల్లో చెట్లు కొట్టేవాళ్ళు, గనుల్లో పనిచేసేవాళ్ళు పనులు లేని రోజుల్లో చవక హోటళ్ళ ఇరుకు గదుల్లో బతికిన చోటు అది. పక్కనే చీనావాళ్ళ వీధులు. కాస్త అవతల జపానువాళ్ళ వీధులు. 1907 సెప్టెంబరులో తెల్లవాళ్ళ గుంపు ఈ రెండు పేటల మీద పడి అద్దాలు పగలగొట్టి దుకాణాలు ధ్వంసం చేసింది. ఆసియావాళ్ళు మాకొద్దు అనేది వాళ్ళ నినాదం. మన పంజాబీలు ఎక్కిన కొమగాటమారు ఓడని 1914లో వెనక్కి తరిమిన రేవు కూడా ఇదే.

ఆ దాడి నష్టం లెక్క కట్టడానికి మెకెంజీ కింగ్ అనే అధికారి వచ్చాడు. తర్వాతి రోజుల్లో ఆ దేశానికి ప్రధానమంత్రి అయినాయన. నల్లమందు తయారుచేసే చీనా వ్యాపారులు కూడా మా సరుకు పోయింది, పరిహారం ఇవ్వండని ఆయన దగ్గరికి వచ్చారు. అప్పటికి అది నేరం కాదు మరి. కింగ్ విచారించాడు. తెల్లవాళ్ళు కూడా నల్లమందు తాగుతున్నారని తెలిసి కంగారుపడ్డాడు, సర్కారుకి నివేదిక రాశాడు. 1908లో నల్లమందు నిషేధ చట్టం వచ్చేసింది. దాడి చేసినవాడి మీద కోపం రాలేదు, దెబ్బ తిన్నవాడి సరుకు మీద వచ్చింది! కెనడాలో మత్తుమందుల చట్టాలకి అదే మొదలు. తెల్లదొరల విస్కీ జోలికి ఆ చట్టం పోలేదు. చట్టం జనం ఆరోగ్యం కోసం పుట్టిందా, ఒక జాతి మీద అసహ్యంతో పుట్టిందా అనేది ఇక విప్పి చెప్పక్కర్లేదు.

ఏళ్ళు గడిచాయి. పేట ఇంకా పేదదయింది. 1986లో పట్నంలో ప్రపంచ ప్రదర్శన పెట్టి, వచ్చే అతిథుల కోసం చవక హోటళ్ళలో ఏళ్ళ తరబడి ఉంటున్న ముసలివాళ్ళని సామానుతో సహా బయటికి గెంటారు. పిచ్చాసుపత్రి పడకలు తగ్గించి అక్కడివాళ్ళని వీధిలోకి వదిలారు. భూములు పోయి, పిల్లల్ని సర్కారు బడులకి ఎత్తుకుపోగా చెదిరిపోయిన ఆదివాసీ కుటుంబాల వాళ్ళు కూడా చాలామంది చివరికి ఈ పేటకే చేరారు. హెరాయిన్ ముందునుంచీ ఉంది. దానికి కొకైన్ తోడయింది. కొకైన్ సూదితో ఎక్కించుకునేవాడు రోజులో చాలాసార్లు గుచ్చుకుంటాడు. సూదులు చాలవు, ఒకరిది ఒకరు వాడతారు. 1993లో ఆ రాష్ట్రంలో మందు మోతాదు మించి 300 మందికి పైగా చనిపోయారు. 1994లో చావుల మీద విచారణ జరిపే పెద్ద అధికారే, ఇది జైలుతో తీరేది కాదు, వైద్యంతో చూడాలి అని నివేదిక ఇచ్చాడు. అది బీరువాలోకి పోయింది. 1997 నాటికి ఎయిడ్స్ క్రిమి ఎలా పాకిందంటే, సూదిమందు వాడేవాళ్ళ మీద జరిగిన అధ్యయనంలో ఏడాదికి వందకి 18 మంది చొప్పున కొత్తగా అంటుకుంటున్నట్టు తేలింది.

అప్పుడు పేటవాళ్ళు ఓపెన్‌హైమర్ పార్కులో వెయ్యి శిలువలు పాతారు. చనిపోయినవాళ్ళ గుర్తుగా. కూడలిలో బళ్ళు ఆపేశారు. ఈ పార్కు ఎక్కడనుకున్నారు? 1907లో గుంపు దాడి చేసిన జపానువాళ్ళ పేటలోనే. 1942లో యుద్ధం పేరుతో వాళ్ళందర్నీ అక్కణ్ణించి ఖాళీ చేయించారు, ఆ వీధులకి కొత్త పేదలొచ్చారు. శిలువలు పాతినవాళ్ళలో బడ్ ఆస్బోర్న్ అనే కవి ఉన్నాడు. ఒకప్పుడు హెరాయిన్‌కి బానిసైన మనిషి. ఆయన్ని ఆరోగ్య బోర్డులోకి తీసుకున్నారు, ఆయన అక్కడ కూర్చుని పోరాడాడు. 1997లోనే ఆ బోర్డు ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఆయనా, ఆన్ లివింగ్‌స్టన్ అనే ఆవిడా కలిసి పార్కులో మీటింగుకి రమ్మని పిలుపిచ్చారు. లివింగ్‌స్టన్ మత్తుమందు వాడే మనిషి కాదు, కానీ ఆ పేటలో కాపురం ఉన్న మనిషి. వచ్చినవాళ్ళని "మానేస్తారా?" అని అడగలేదు. "మీకేం కావాలి?" అని అడిగారు. సంఘం నడిపే ఎవరైనా ఈ రెండు ప్రశ్నలకీ తేడా ఏంటో ఓసారి ఆలోచించాలి.

వాళ్ళకి కావాల్సింది పెద్ద సిద్ధాంతం కాదు. శుభ్రమైన సూదులు. పడిపోతే పలకరించే మనిషి. పోలీసు తన్నకుండా ఉండటం. ఆసుపత్రిలో కుక్కని చూసినట్టు చూడకపోవడం. సంఘం సభ్యులే రాత్రుళ్ళు సందులు తిరిగి సూదులు పంచారు. ఆసుపత్రిలో పడున్న సభ్యుల్ని పోయి చూశారు. ఓసారి శవపేటిక మోసుకుని నగరసభ మీటింగులోకే నడిచారు. అప్పటి మేయరు ఫిలిప్ ఓవెన్ డబ్బున్నవాళ్ళ పార్టీ మనిషి. ఆ సభల్లో వీళ్ళ మాటలు వినీ వినీ మనసు మార్చుకున్నాడు. దానికి ఆయన పార్టీయే ఆయన్ని పక్కన పెట్టింది. ఓటు కోసం కాకుండా మాట విని మారిన నాయకుడు మనకి అరుదుగా కనిపిస్తాడు గనక చెబుతున్నాం.

2003 ఏప్రిల్లో పోలీసులు పేట మీద విరుచుకుపడ్డారు. సభ్యులు ఏం చేశారంటే, కారల్ వీధిలో ఒక గది తీసుకుని, ఎవరి అనుమతీ లేకుండా, సందులో చచ్చే బదులు మనిషి కళ్ళ ముందు సూది వేసుకునే చోటు తెరిచేశారు. ఆ సెప్టెంబరులో సర్కారు అనుమతితో ఇన్‌సైట్ అనే కేంద్రం హేస్టింగ్స్ వీధిలో మొదలైంది. ఉత్తర అమెరికాలో చట్టబద్ధంగా అలాంటిది అదే మొదటిది. యూరపులో అంతకుముందే ఉన్నాయి. స్విట్జర్లాండు బెర్న్‌లో 1986లోనే తెరిచారు. హాలండు రోటర్‌డామ్‌లో వాడకందార్లు 1970ల చివరే సంఘం పెట్టుకున్నారు. 1984లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సూదుల మార్పిడి మొదలుపెట్టించింది కూడా అక్కడి వాడకందార్ల సంఘమే, డాక్టర్లు కాదు.

ఇన్‌సైట్‌లో నర్సు ఉంటుంది, సూది ఇస్తారు, మందు మాత్రం ఇవ్వరు. అక్కడ ఎవరి ఊపిరైనా ఆగబోతే నిలబెట్టారు. లోపల మందు మోతాదు మించి ఒక్కరూ చావలేదు. చుట్టుపక్కల అర కిలోమీటరు లోపు అలాంటి చావులు 35 శాతం తగ్గాయని 2011లో లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. అయినా ఢిల్లీలాంటి వాళ్ళ ఒట్టావా సర్కారు దాన్ని మూసెయ్యాలని చూసింది. వాండూ కోర్టుకెక్కింది. కేసు వేసినవాళ్ళలో మత్తుమందు వాడే ఇద్దరు మనుషులు తమ పేర్లతోనే నిలబడ్డారు. 2011 సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా, మూయడానికి వీల్లేదన్నారు.

ఇక్కడ మన అక్కచెల్లెళ్ళు ఒక మాట అడుగుతారు. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా ఉద్యమంలో మనం దుకాణాలు మూయించాం గదా, ఇప్పుడు మత్తు వాడేవాడికి గది కట్టించమంటారా అని. న్యాయమైన ప్రశ్నే. తాగుడు ఇంటి కూడు తిన్న సంగతి వాళ్ళకి ఒకరు నేర్పక్కర్లేదు. కానీ ఆ ఉద్యమం సారా పాట పాడిన కాంట్రాక్టరు మీదా, వారుణి వాహిని అని పేరుపెట్టి ఆ డబ్బుతో బతికిన సర్కారు మీదా లేచింది. తాగిపడ్డ మొగుణ్ణి జైల్లో వేసి ఉరి తియ్యమని లేవలేదు. చట్టాన్ని సర్కారుకి వదిలేస్తే అది ఎవరి మీద పడుతుందో చూడండి. మన దగ్గర 1985 చట్టం కింద 20 కిలోలకి మించి గంజాయితో దొరికితే కనీసం పదేళ్ళు. విశాఖ ఏజెన్సీలో కూలికి మూట మోసిన ఆదివాసీ కుర్రాళ్ళు జైళ్ళలో ఉన్నారు. మూట ఎవరిదో వాడు చాలాసార్లు దొరకడు.

వాంకూవర్‌లో కూడా కథ సుఖాంతం కాలేదు. హెరాయిన్ పోయి ఫెంటనిల్ వచ్చింది, ఇసుక రేణువంత తేడాతో మనిషి ప్రాణం పోయే మందు. 2016 ఏప్రిల్లో రాష్ట్రం మళ్ళీ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అప్పట్నించీ 16 వేల మందికి పైగా పోయారు. 2023లో అక్కడి ఆదివాసీలు మిగతావాళ్ళ కంటే దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా చనిపోయారు. ఆ ఏడాది జనవరిలో రెండున్నర గ్రాముల లోపు దగ్గరుంటే నేరం కాదని మూడేళ్ళ ప్రయోగం మొదలుపెట్టి, పేపర్లూ ప్రతిపక్షమూ గోల చేసేసరికి 2024 మేలో బహిరంగంగా వాడటాన్ని మళ్ళీ నేరం చేశారు. కల్తీ మందుతో జనం చస్తున్నారని, మందు తెప్పించి పరీక్ష చేసి తమ సభ్యులకి పంచిన మరో వాడకందార్ల సంఘం మీద 2023 అక్టోబరులో పోలీసులు దాడిచేసి, నడిపేవాళ్ళని అరెస్టు చేశారు. వాళ్ళు దాచిపెట్టి చేసింది కాదు. ఏం చేస్తున్నామో ముందే సర్కారుకి రాసి, అనుమతి అడిగి, కాదన్నాక చేసిన పని.