200 ఓకే... ఏది ఓకే నాయనా?

సర్వర్‌లో డేటాబేస్ కనెక్షన్ తెగిపోయింది. బయటికి మాత్రం "200 ఓకే" అని వెళ్తుంది. దాని కింద జేసన్‌లో ఎక్కడో "సక్సెస్: ఫాల్స్". లోపల ఇల్లు తగలబడుతుంటే గుమ్మానికి మామిడి తోరణం కట్టినట్టుంది!

ఈ మధ్య ఓ ఏపీఐతో పని పడింది (ఎవరిదో చెప్పనులెండి). లాగిన్ తప్పయితే "ఎర్రర్" అనే ఫీల్డు. ఆర్డర్ దొరక్కపోతే "మెసేజ్". ఫారం తప్పయితే "ఎర్రర్స్" అని ఓ అర్రే. టైమవుట్ అయితే ఏకంగా హెచ్‌టీఎంఎల్ పేజీ. ఒక్కో డెవలపర్ ఒక్కో రాజ్యం ఏలుతున్నాడన్నమాట.

"మా యాప్ వాళ్ళు బాడీ చూసుకుంటారు, స్టేటస్ కోడ్‌తో పనేంటి?" అంటారు కొందరు. అయ్యా, చదివేది మీ యాప్ ఒక్కటేనా? మధ్యలో లోడ్ బాలన్సర్, కాషె, మానిటరింగ్ ఉన్నాయి. అవి మామూలుగా మీ జేసన్ విప్పి చూడవు, కోడ్ చూస్తాయంతే. అన్నీ 200లే అయితే డాష్‌బోర్డ్ పచ్చగా కళకళలాడుతుంది, కస్టమర్ ఫోన్ చేసి తిట్టేదాకా మీకు తెలీదు. కాషె అయితే ఆ ఎర్రర్‌నే మంచి సమాధానం అనుకుని దాచిపెట్టుకున్నా దాచిపెట్టుకుంటుంది.

ఇంకో రకం మహానుభావులు అన్నిటికీ 500 కొడతారు. యూజర్ పిన్‌కోడ్ తప్పు కొడితే అది 400. దానికీ 500 పంపితే, అర్ధరాత్రి ఆన్‌కాల్‌లో ఉన్నవాడి ఫోన్ మోగుతుంది. క్లయింటేమో సర్వర్ తప్పనుకుని, ఎన్నిసార్లు పంపినా పనవ్వని రిక్వెస్ట్‌నే మళ్ళీ మళ్ళీ పంపుతుంది. 503 అంటే కాసేపాగి రమ్మని, 404 అంటే అది ఇక్కడ లేదని. ఈ తేడా తెలీకపోతే రీట్రై లాజిక్ ఎలా రాయాలండీ?

గ్రాఫ్‌క్యూఎల్‌లో 200తోనే ఎర్రర్స్ వస్తాయిగా అంటారు. అక్కడ సగం డేటా వచ్చి సగం రాకపోవచ్చు, ఆ ఎర్రర్స్ ఎక్కడుండాలో స్పెసిఫికేషన్‌లోనే రాసుంది. మీ ఏపీఐకి ఆ రాత ఎక్కడుంది?

కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. 2016లోనే ఆర్‌ఎఫ్‌సీ 7807 వచ్చింది, 2023లో దాని స్థానంలో 9457 వచ్చింది. టైప్, టైటిల్, స్టేటస్, డీటెయిల్, ఇన్‌స్టెన్స్ - ఐదే ఐదు ఫీల్డులు. స్ప్రింగ్ 6లో ప్రాబ్లమ్‌డీటెయిల్ అనే క్లాసే ఇచ్చేశారు. ప్రతి కంట్రోలర్‌లో ట్రై-క్యాచ్ అతికించే బదులు, ఒక్కచోట హ్యాండ్లర్ పెట్టి అన్నీ అక్కడికే రానివ్వండి. స్టాక్ ట్రేస్ లాగ్‌లోకి, ట్రేస్ ఐడీ మాత్రం యూజర్‌కి. మీ టేబుల్ పేర్లు ఊరందరికీ చాటక్కర్లేదు.

రేపు ఆఫీసుకెళ్ళగానే మీ ఏపీఐకి లేని ఐడీ ఒకటి పంపి చూడండి. 404 వచ్చిందా, సంతోషం. 200 వచ్చిందా, కొత్త ఫీచర్ల సంగతి తర్వాత... ముందు ఆ అబద్ధం మాన్పించండి.