పక్క తడిపే కుక్కపిల్ల

కుక్కపిల్లను సాకే యిళ్ళలో తెల్లవారగానే వినవచ్చే ఫిర్యాదు ఒకటి వున్నది. "పగలంతా బుద్ధిగా బయటికే పోతుంది, రాత్రి మాత్రం పడుకున్నచోటే తడిపేస్తోందండీ!" ఆ వెనకనే చీపురు తిరగవేసి రెండు తగిలించడం, తడిలో మూతి పెట్టి రుద్దడం. కొన్నాళ్ళు చూసి, విసిగి, యే సందు చివరనో వదలి వచ్చే పుణ్యాత్ములూ వున్నారు. యీ వైద్యంతో నయమైన కుక్క మాత్రం మాకు యింతవరకు కనపడలేదు.

మెలకువగా వుండి, మూలకు పోయి, వాసన చూసి వంగే కుక్క వేరు. నిద్రలో తనకే తెలియకుండా కారిపోయే కుక్క వేరు. మొదటిదానికి నేర్పవలెను. రెండవదానికి నేర్పడానికేమీ లేదు. చంటిపిల్లవాడు పక్క తడిపితే గుడ్డ మారుస్తాము గాని చీపురు తీస్తామా? గదమాయిస్తే భయపడి అక్కడికక్కడే పోసేవి మూడవరకం. వాటిని కొట్టినకొద్దీ ఆ అలవాటు ముదురుతుంది.

రెండు మూడు నెలల పిల్లయితే కంగారుపడనక్కరలేదు. యెన్ని నెలల వయస్సో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆపుకోగలదని అందాజు లెక్క. మూడు నెలలదైతే 4 గంటలు. రాత్రి పదింటికి తలుపు వేసి ఉదయం ఆరింటికి తీసేవారు నడుమ ఒకసారి లేవవలసిందే.

ఆరు నెలలు దాటినా పడుకున్నచోటు తడిగా వుంటే మాత్రం డాక్టరుకు చూపించాలి. మూత్రాశయంలో క్రిములు చేరడం ఒక కారణం. మాటిమాటికి కొంచెం కొంచెంగా పోయడం, అక్కడ నాకుకోవడం దాని గుర్తులు, మందులతో కుదురుతుంది. రెండవది పుట్టుకతో వచ్చే లోపం. మూత్రపిండం నుంచి మూత్రాశయంలో కలవవలసిన గొట్టం దారితప్పి దిగువన తెరుచుకుంటుంది. ట్యాంకులోకి పోవలసిన పైపును కుళాయికి అవతల కలిపినట్టన్నమాట. కుళాయి యెంత బిగించినా కారక మానదు. ఆడపిల్లలలోనే యెక్కువ. లాబ్రడారు, గోల్డెన్ రిట్రీవరు, హస్కీ జాతులవారు గమనించవలెను. ఆపరేషను వున్నది, అయినా కొన్నింటికి తరువాత మాత్రలు తప్పవు.

మూడవది మూత్రాశయం మూతిబిగువు చాలకపోవడం. నిలబడినప్పుడు బాగానే వుంటుంది, పడుకొని ఆదమరిస్తే జారుతుంది. యిక్కడ ముఖ్యమైన మాట ఒకటి చెప్పాలి. యిలాటి ఆడపిల్లలలో సుమారు సగానికి, మొదటిసారి ఎదకు వచ్చి వెళ్ళిన తరువాత, తనంతట తగ్గిపోతుంది. పట్నాలలో పిల్లలు పుట్టకుండా త్వరగా ఆపరేషను చేయిస్తున్నారు, మంచిదే, కాదనము. కాని పక్క తడిపే పిల్లకు ఆ మొదటి ఎద రాకముందే చేయిస్తే, తగ్గవలసినది తగ్గక జీవితాంతం నిలిచిపోవచ్చు. తేదీ తీసుకోబోయేముందు యీ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

నీళ్ళు మానిపించడం కొందరు కనిపెట్టిన చిట్కా. అది ప్రమాదం. తాగే నీళ్ళను ఒక రోజంతా కొలవండి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు మించితే, అంటే 10 కిలోల కుక్క లీటరుకు పైగా తాగితే, మూత్రపిండాల జబ్బో మధుమేహమో వుందేమో చూడవలసి వస్తుంది.

మావంటి గుమాస్తాలకు అలవాటైన పని ఒకటి చేయండి: వారం రోజులు నోటుబుక్కులో యెప్పుడు తడిపింది, అప్పుడు నిద్రలో వుందా అని వ్రాసిపెట్టండి. ఉదయం మొదటి మూత్రం శుభ్రమైన సీసాలో పట్టి వెంటనే తీసుకుపోండి. చెన్నైవారికి వేపేరిలో 1903 నాటి పశువైద్య కళాశాల వున్నది. బెంగుళూరువారికి హెబ్బాళలో, ముంబయివారికి పరేలులో వున్నాయి. తమిళమైనా కన్నడమైనా మరాఠీ అయినా "ఒంటికి పోస్తోంది" అని ఒక్కమాటతో సరిపెట్టక, నిద్రలోనా మెలకువలోనా అన్నది ముందు చెప్పండి. డాక్టరు సగం పని అక్కడే తేలుతుంది.

ఈలోగా గోనెపట్టా మీద పాతచీర మడతలు పరచి, తడిసినప్పుడల్లా మార్చండి. తొడలలోపలి భాగం గోరువెచ్చని నీళ్ళతో కడిగి పొడిగా తుడవండి. లేకపోతే చర్మం వొరిసి, ఎండాకాలంలో ఈగలు వాలి పురుగు పడుతుంది. ఫినాయిలుతో కడిగిన నేల పూర్తిగా ఆరకముందు దానిని పడుకోనివ్వకండి.