పేజీ నెత్తిన ఏ బడి పేరు?

బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో అట్టపెట్టెల మీద పేర్లు రాసే పని పిల్లలదే. "వంటసామాను", "పుస్తకాలు, జాగ్రత్త" అని స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాస్తారు. అదే పిల్లలు కంప్యూటర్లో చేసిన ప్రాక్టికల్ రికార్డును మాత్రం పేరూ ఊరూ లేకుండా ప్రింటు తీసి తెస్తారు. ఎన్నో ఊళ్లు తిరిగిన ఉపాధ్యాయులం, ఇది ప్రతిచోటా చూశాం.

జనక్‌పురికి రాకముందు ఒక ఊళ్లో, పదకొండో తరగతి అమ్మాయి ఏడాది మధ్యలో వచ్చి చేరింది. జూపిటర్ నోట్‌బుక్‌లో చేసిన పైథాన్ ప్రోగ్రాములను బ్రౌజర్ నుంచి నేరుగా ప్రింటు తీసింది. ప్రతి కాగితం పైన ప్రింటు తీసిన నాటి తేదీ. అడుగున లోకల్‌హోస్ట్ అని మొదలయ్యే పొడుగాటి చిరునామా, దాని చివర "ఫైనల్ ఫైనల్ 2". జులైలో చేసిన పని మీద డిసెంబరు తేదీ పడింది. "ఇదంతా ఒక్కరోజులో చేశావా?" అని అడిగేసరికి పాప నోట మాట రాలేదు.

ప్రింటు షాపుల్లో దీనికి ఒకటే మందు చెబుతారు: ప్రింటు పెట్టెలో "హెడర్స్ అండ్ ఫుటర్స్" దగ్గర టిక్కు తీసేయమని. కాగితం శుభ్రంగా వస్తుంది, నిజమే. కానీ పేజీ సంఖ్య కూడా పోతుంది. ముప్పై కాగితాలు ఫ్యాను గాలికి లేస్తే ఏది ముందో ఏది వెనకో ఎవరు చెప్పాలి? తీసేయడం మా దృష్టిలో పరిష్కారం కాదు. అక్కడ ఏముండాలో మీరే రాయాలి.

లిబ్రెఆఫీస్ కాల్క్‌లో మీరేమీ చేయకపోతే పైన షీటు పేరు, కింద పేజీ సంఖ్య అచ్చవుతాయి. "షీట్1" అని నెత్తిన పెట్టుకొచ్చిన రికార్డులు ఎన్ని దిద్దామో! ఇంజనీరింగ్ చదివే అన్నయ్యలు, అక్కలు వాడే మాథమెటికాలోనూ అంతే. వదిలేస్తే ఫైలు పేరు, పేజీ సంఖ్య తనంతట అదే వేస్తుంది. మామూలుగా పనిచేసేటప్పుడు తెరమీద అవి కనబడవు, కాగితం మీదే బయటపడతాయి. ప్రింటింగ్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఎడమ పేజీకి, కుడి పేజీకి వేరువేరుగా రాసుకోవచ్చు, మొదటి పేజీకి వద్దనవచ్చు. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ అయినా ప్రింటు ప్రివ్యూ చూడకుండా బటన్ నొక్కకండి.

తెలుగువాళ్లకు ఇదేమీ కొత్త కాదు. శతకంలో ప్రతి పద్యానికీ మకుటం ఉంటుంది. మకుటమంటే కిరీటం, అయినా ఉండేది పద్యం చివరే! ఒక్క పద్యం విడిగా వినబడినా అది ఏ శతకంలోదో మకుటం చెబుతుంది. తాళపత్రాల అంచున కూడా ఆకు సంఖ్య వేసేవారు. తాడు తెగి ఆకులు చెదిరితే ఆ అంకెలే దిక్కు.

ఇక మనలాంటి బదిలీ కుటుంబాలకు అసలు చిక్కు ఒకటుంది. సగం రికార్డు పాత బడిలో, సగం కొత్త బడిలో. హెడర్‌లో ఏ పేరు వేయాలి? అన్ని పేజీల మీదా కొత్త బడి పేరే వేసేయమని ఆ అమ్మాయికి ఒకరు సలహా ఇచ్చారు. చూడ్డానికి బాగుంటుందట. మేం ఒప్పుకోలేదు. పాత బడిలో, పాత మాస్టారి దగ్గర నేర్చుకుని చేసిన పని మీద ఇంకో బడి పేరు వేస్తే అది అబద్ధం కాదా? టీసీ తీసుకున్నంత మాత్రాన అక్కడ చదివిన నెలలు చెరిగిపోవు.

దారి సులువే. లిబ్రెఆఫీస్ రైటర్‌లో హెడర్ పేజీ స్టైల్‌కు అంటిపెట్టుకుని ఉంటుంది. బడి మారిన చోట మాన్యువల్ బ్రేక్ పెట్టి, రెండో పేజీ స్టైల్ ఎంచుకుంటే చాలు, అక్కడినుంచి వేరే హెడర్ రాసుకోవచ్చు. ఆ అమ్మాయి ప్రోగ్రాములన్నీ రైటర్‌లోకి తెచ్చుకుని, ఒక్కోదాని కింద చేసిన తేదీ తానే టైపు చేసింది. మొదటి పద్నాలుగు పేజీల మీద పాత బడి పేరు, తర్వాతి వాటి మీద కొత్త బడి పేరు. అడుగున తన పేరు, పేజీ సంఖ్య మాత్రం 1 నుంచి 31 దాకా ఎక్కడా ఆగలేదు.