అవ్వ వంటకి పేరేమి? మారిషస్ పోయొచ్చినాక నాకు తోచిన మాట

పోయిన నెల మా చిన్నాన్న మన ఊరి దేవర గురించి రాసినారు. ఈసారి నా వంతు. ముందే చెప్తాను, నేను పదో తరగతి దాకా కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు ముప్పై దాటినాక నేర్చుకున్నాను. తప్పులుంటే పెద్దవాళ్ళు దిద్దండి, కోప్పడొద్దు.

రెండేళ్ళ కింద మన ఇంట్లో జరిగిన పెళ్ళి అందరికీ గుర్తుంటుంది. పెళ్ళివారి తరఫున గుంటూరు నుంచి ఒక పెద్దావిడ వచ్చినారు. అమ్మ మసొప్పు, రాగి ముద్ద చేసి పెట్టింది. ఆమె ఒక ముద్ద తిని, నవ్వుతూనే, "ఇది మన వంట కాదమ్మా, మీరు పూర్తిగా కన్నడం వాళ్ళయిపోయినారు" అనింది. చెడు మనసుతో అన్న మాట కాదులే. కానీ ఆ రోజు నుంచి అమ్మ బయటివాళ్ళకి మసొప్పు పెట్టడం మానేసింది. చుట్టాలు వస్తే ఫోన్‌లో వీడియో చూసి గోంగూర పప్పు చేస్తుంది. బాగానే చేస్తుంది, కానీ చేసేటప్పుడు అమ్మ మొహంలో పరీక్ష రాసే పిల్ల కనిపిస్తుంది.

ఈ మాట మనసులో ఉండగానే మేము ముగ్గురం, ఆయన, నేను, ఏడేళ్ళ పాప, మారిషస్ పోయినాము. సముద్రం చూద్దామనే పోయినాము. మొదటి రెండు రోజులు హోటల్ బఫేలోనే తిన్నాము. ఢిల్లీలో అయినా దుబాయ్‌లో అయినా దొరికే తిండే అది. మూడో రోజు పోర్ట్ లూయీ సెంట్రల్ మార్కెట్‌కి పోతే అసలు కథ మొదలయింది.

అక్కడ అందరూ నిలబడి తినేది ధాల్ పురి. పచ్చ బఠాణీ కాదు, పసుపు బఠాణీ పప్పు. దాన్ని పసుపు వేసి ఉడకబెట్టి, పొడిపొడిగా చేసి, జీలకర్ర కలిపి, మైదా పిండిలో పెట్టి పల్చగా వత్తి కాలుస్తారు. ఒకటి ఇవ్వరు, జతగానే ఇస్తారు. లోపల పెద్ద చిక్కుడు గింజల కూర, టొమాటో రుగాయ్, పచ్చడి, మిరపకాయ కారం పెట్టి కాగితంలో చుట్టి చేతికిస్తారు. మా పాప రెండు కొరుకులు కొరికి, "అమ్మా, ఇది అవ్వ చేసే ఓళిగ, బెల్లం వేయడం మర్చిపోయినారు" అనింది.

పాప మాట పూర్తిగా తప్పు కాదు. పప్పుని పిండిలో దాచి వత్తే పని రెండింటికీ ఒకటే. కానీ ధాల్ పురి అక్కడికి వచ్చింది బీహార్, భోజ్‌పురి మాట్లాడే వాళ్ళతో. 1834 నుంచి 1920 దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది చెరకు తోటల కూలి ఒప్పందాల మీద మన దేశం నుంచి ఆ దీవికి ఓడల్లో పోయినారు. వాళ్ళు దిగిన రేవు పోర్ట్ లూయీలోనే ఉంది, పేరు ఆప్రవాసి ఘాట్. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడ పదహారు రాతి మెట్లు ఉన్నాయి. వాటి ముందు నిలబడితే నోట మాట రాలేదు.

ఆ జనంలో మనవాళ్ళూ ఉన్నారు. చాలామంది కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కినారు. యానాం వాళ్ళకి చెప్పనక్కర లేదు, కోరంగి వాళ్ళకి పక్కనే కదా. 1839 తుఫానులో ఆ రేవు నాశనమయింది, కానీ ఆ పేరు మారిషస్‌లో బతికింది. అక్కడ తెలుగువాళ్ళని చాలా కాలం కోరంగీలు అనే పిలిచినారంట. ఈ రోజు అక్కడ ఉగాదికి దేశమంతా సెలవు. కర్ణాటకలో మనకి యుగాది సెలవు ఉందంటే ఆశ్చర్యం లేదు, కానీ సముద్రం మధ్యలో!

మార్కెట్‌లో ఆకుకూరల వైపు పోయినాను. అక్కడ ఆకుకూరలన్నిటినీ బ్రెద్ అంటారు. బ్రెద్ మురుమ్ అంటే ఏమో అని చూస్తే మన మునగాకు. బ్రెద్ సోంజ్ అంటే చామాకు. బ్రెద్ మార్తాన్ అంటే మనం గణికె సొప్పు అనే కామంచి ఆకు. కరివేపాకుని కారిపులే అంటారు, చారుని రసోన్ అంటారు. మురుమ్, కారిపులే, రసోన్ మూడూ తమిళం మాటలే, క్రియోల్ నోట్లో కొంచెం మారినాయి. నేను తెలుగు మాట కోసం వెతికినాను. ఆ బజారులో నా చెవికి ఒక్కటీ తగల్లేదు.

దక్షిణం వైపు ఒక ఊళ్ళో మేము రెండు రాత్రులు ఒక ఇంట్లో అద్దెకి ఉన్నాము. ఇంటావిడకి అరవై దాటింటాయి. మా పేర్లు విని, "తెలుగు?" అని అడిగింది. తనూ తెలుగే. కానీ తనకి వచ్చిన తెలుగు అమ్మోరు, ఉగాది, రామభజనం, ఇట్లా పదో పదిహేనో మాటలు. ఇంట్లో మాట్లాడేది క్రియోల్. నాతో ఇంగ్లీషు. రాత్రికి భోజనం పెట్టింది. అన్నం, మునగాకు వేసిన పల్చటి బ్రెద్ బుయోన్, ఉప్పు చేప రుగాయ్, కొబ్బరి పుదీనా చింతపండు కలిపి నూరిన సాటిని కోకో. పొద్దున బ్రెడ్‌లో గాతో పిమా పెట్టిచ్చింది. మన మసాలా వడకి తమ్ముడు అది.

నేను ఉండబట్టలేక అడిగినాను, "ఇందులో తెలుగు వంట ఏది అక్కా?" అని. ఆమెకి ప్రశ్న అర్థం కాలేదు. మళ్ళీ అడిగితే నవ్వి, "ఇది మా ఇంటి వంట" అనింది. అంతే. రుగాయ్ క్రియోల్ వాళ్ళది, సాటిని మనది, బ్రెడ్ ఫ్రెంచి వాళ్ళ కాలంది, నూడుల్స్ చీనా వాళ్ళవి, అన్నీ ఆమె ఇంటివే. ఎవరి ముందూ తల దించుకోవడం లేదు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. మా పనిలో ముందు రావలసిన ఫలితం ఏమిటో రాసుకుంటాము, తర్వాత వచ్చింది దానితో సరిపోయిందా చూస్తాము. సరిపోకపోతే బగ్. కానీ కొన్నిసార్లు ప్రోగ్రాంలో తప్పు ఉండదు, రావలసిందని రాసిన కాగితమే తప్పుగా ఉంటుంది. మా అమ్మ విషయంలో జరిగింది అదే. అమ్మ వంటని గుంటూరు కాగితం పెట్టి పరీక్ష చేసినారు. ముళబాగిలు పక్కన తరతరాలుగా రాగులు పండించుకుని, అక్కడి ఆకులు కోసుకుని తిన్న ఇంటికి గుంటూరు పప్పు ఎట్లా వస్తుంది? హోసూరు తెలుగువాళ్ళ ఇంట్లో, బరంపురం తెలుగువాళ్ళ ఇంట్లో, షోలాపూర్ పద్మశాలీల ఇంట్లో కూడా అక్కడి నేల రుచి ఉంటుంది. అది మన కల్తీ కాదు, మన చరిత్ర.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ రెండో రాత్రి ఆమె ఇంకో మాట చెప్పింది. వాళ్ళ నాయనమ్మ పండగ రోజు ఏదో తీపి చేసేదంట. బియ్యప్పిండి, బెల్లం, నూనెలో వేయించేది. రుచి నాలుక మీద ఉంది, పేరు లేదు. "అరిసెలా?" అని అడిగినాను. తెలీదనింది. ఫోన్‌లో అరిసెల బొమ్మ చూపించినాను. చాలాసేపు చూసి, "అయ్యుండొచ్చు, కాకపోవచ్చు" అనింది. అడగడానికి వాళ్ళింట్లో ఎవరూ మిగల్లేదు.

అందుకని నా అభిప్రాయం ఇది. మన కుటుంబంలో ఇద్దరు మామలు ఎప్పుడూ వాదించుకుంటారు. ఒకరు, భాష నిలబెట్టండి, తిండిదేముంది అంటారు. ఇంకొకరు, భాష ఎట్లాగూ పోతుంది, పండగ వంట ఉంటే చాలు అంటారు. ఇద్దరి మాటా నాకు సగమే నచ్చుతుంది. మారిషస్‌లో చూసింది ఏమిటంటే, భాష పోయినా వంట చాలా కాలం బతుకుతుంది. కానీ పేరు పోయిన వంటని ఇంకొకరిని అడగలేము, వెతకలేము, పిల్లలకి చెయ్యమని చెప్పలేము. చేసే మనిషితోనే అది పోతుంది. అక్కడ బళ్ళో తెలుగు నేర్పుతున్నారు, మెచ్చుకోవలసిందే. కానీ నాయనమ్మ వంట పేరు బళ్ళో పుస్తకంలో ఉండదు. అది ఇంట్లోనే రాసిపెట్టుకోవాలి.

ఊరికి తిరిగి వచ్చినాక అమ్మ పక్కన నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాను. మసొప్పు చెయ్యమన్నాను. కందిపప్పు, దంటు సొప్పు, కొంచెం చక్కోత, రెండు టొమాటోలు, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి అన్నీ కలిపి ఉడకబెట్టి, నీళ్ళు వంచి, గుత్తితో మెదిపి, ఆ నీళ్ళు మళ్ళీ కలిపి తిరగవాత. "అవ్వ కూడా మసొప్పు అనేదా?" అని అడిగినాను. అమ్మ గుత్తి ఆపి ఆలోచించింది. "లేదే... అవ్వ ఎనిపిన ఆకు అనేది. నేను పెళ్ళయి ఇక్కడికి వచ్చినాక అందరూ మసొప్పు అంటే నేనూ అదే అన్నాను" అనింది.

నలభై ఏళ్ళుగా అమ్మ నోట్లో రాని మాట. కన్నడలో మసి అంటే మెదపడం, తెలుగులో ఎనపడం అన్నా అదే. రెండు పేర్లూ ఒకే పనికి. రెండూ మనవే. రెండూ రాసుకున్నాను.

కాబట్టి ఈ బ్లాగు చదివే ప్రతి ఇంటికీ ఒక మనవి. ఒక్క వంట రాసి పంపండి. కన్నడ లిపి, తమిళ లిపి, ఒడియా, ఏదైనా సరే, చేతకాకపోతే వాయిస్ మెసేజ్ పెట్టండి, నేను రాసుకుంటాను. వంట పేరు, మీ అవ్వ అనే పేరు, ఎవరు నేర్పినారు, ఏ కొలతతో, గిన్నెనా పిడికిలా. ఆంధ్ర వంటతో సరిపోతుందా లేదా అని చూడొద్దు. ఇంట్లో ఎనభై దాటినవాళ్ళుంటే ఈ ఆదివారమే అడగండి.

ఉగాదికి గుంటూరు పెద్దావిడ మళ్ళీ వస్తున్నారంట. గోంగూర కొనమంటావా అని అమ్మ ఫోన్ చేసి అడిగింది. వద్దమ్మా, ఎనిపిన ఆకే చెయ్యి, నేను పక్కన ఉంటాను అన్నాను. అమ్మ సరే అనలేదు, వద్దనీ అనలేదు. దంటు సొప్పు ఎంత కావాలో మాత్రం చెప్పింది.