అబద్ధమాడకూడని డిస్క్

ఖరగ్‌పూర్‌లోని తాల్‌బగీచా వాసులకు సిగ్నల్ విలువ గురించి ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు రైలునే నమ్ముకుని బతికిన పట్టణమది. పాయింట్లు సరిగా పడ్డాయని రూఢి అయ్యాకే పచ్చదీపం వెలగాలి. డ్రైవరు దిగి చూసుకోడు, దీపాన్నే నమ్ముతాడు. 2017లో ఆ స్టేషన్‌కు 800 రూట్లను సంభాళించే కంప్యూటర్ ఇంటర్‌లాకింగ్ వచ్చింది. యంత్రం మారినా నియమం మారలేదు.

కంప్యూటర్ డిస్క్‌కూ అదే నియమం. ఏ ఆదేశానికి ఎలా బదులివ్వాలో ఏటీఏ వంటి ప్రమాణాలు నిర్దేశిస్తాయి. అయితే ఇప్పుడు సర్వర్లలో నడిచే వర్చువల్ కంప్యూటర్లకు కనిపించే డిస్క్ చాలాసార్లు అసలు డిస్కే కాదు, దాన్ని అనుకరించే ప్రోగ్రామ్. ఫ్రెంచ్ ప్రోగ్రామర్ ఫాబ్రిస్ బెలార్డ్ 2003లో విడుదల చేసిన క్యూఎము చేసే పని ఇదే.

చిక్కంతా ఈ నకలు ప్రమాణం తప్పినప్పుడే. 'ఫ్లష్ క్యాష్' అనే ఆదేశం వస్తే తాత్కాలిక మెమరీలోని సమాచారాన్ని శాశ్వతంగా రాసి, ఆ తర్వాతే 'అయింది' అనాలి. ముందే అనేస్తే మామూలు రోజుల్లో ఎవరికీ తెలియదు. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే మాత్రం ఖాతాలో జమైందనుకున్న సొమ్ముకు జాడ ఉండదు.

ఇంకో రకం తప్పు 2015లో 'వెనమ్' పేరుతో బయటపడింది. క్యూఎములోని ఫ్లాపీ కంట్రోలర్ నకలుకు ఆదేశాలు దాచుకునే చోటు 512 బైట్లే. కొన్ని ఆదేశాల తర్వాత లెక్కను వెంటనే సున్నాకు తేకపోవడంతో సమాచారం హద్దు దాటి పొర్లేది. ఆ సందులోంచి ఒక అద్దెదారు ఏకంగా సర్వర్‌లోకే చొరబడే ప్రమాదం ఏర్పడింది. ఫ్లాపీలు ఎప్పుడో మూలపడినా, 2004 నాటి ఆ కోడ్ మాత్రం పదకొండేళ్లు కొలువులోనే ఉంది. దాన్ని సరిచేయడానికి కొద్ది పంక్తులే సరిపోయాయి.

ఇలాంటి మరమ్మతులు చేసేవారు ప్రమాణ పత్రాన్ని ముందు పెట్టుకుని వాక్యం వాక్యం సరిచూస్తారు. వారికి చప్పట్లు కొట్టేవారుండరు. క్లౌడ్ సేవ కొనే సంస్థలు వేగమెంత, ధరెంత అనే అడుగుతాయి. భూమి రికార్డులు, జీతాల పద్దులు వాటికి అప్పగించే ముందు ఇంకో ప్రశ్న కూడా వేయాలి: రాస్తుండగా కరెంటు తీసేసి ఎప్పుడైనా పరీక్షించారా?