ముక్కు చుక్కల సీసా మీద తెలుగులో ఒక్క ముక్క రాయించండి

వినతిపత్రం

విజయవాడ, సోమవారం

శ్రీయుత డైరెక్టర్ జనరల్ గారికి,
ఔషధ నియంత్రణ పరిపాలన శాఖ, ఆంధ్రప్రదేశ్, విజయవాడ.

ప్రతి: ఎన్టీఆర్ జిల్లా కలెక్టర్ గారికి, ప్రజా సమస్యల పరిష్కార వేదిక ద్వారా.

విషయం: ముక్కు దిబ్బడకు వాడే చుక్కలు, జలుబు బిళ్ళలు అమ్మేటప్పుడు వాడకం గడువునూ జాగ్రత్తలనూ కొనేవారికి తెలుగులో తెలియజేసేలా ఆదేశాలు ఇవ్వవలసిందిగా కోరుతూ.

అయ్యా,

మేము సింగ్‌నగర్, పాయకాపురం వీధుల్లో కాపురం ఉంటున్నవాళ్ళం. ఏ మందునో నిషేధించమని అడగడానికి రాలేదు. చుక్కల మందు మంచిదే. అది ఎన్నాళ్ళు మంచిదో చెప్పే మాట ఒకటుంది. ఆ మాట మాదాకా రావడం లేదని చెప్పుకోవడానికి వచ్చాం.

ధనుర్మాసం వచ్చిందంటే డెల్టాలో ముక్కులకు గడ్డుకాలం. కోతలై నూర్పిళ్ళు మొదలయ్యాక గాలి నిండా ధూళి. కొయ్యకాళ్ళకు నిప్పు పెడితే ఆ పొగ తెల్లవారుజాము మంచులో చిక్కుకుని పొద్దెక్కేదాకా కదలదు. మా పేటలకు అదనంగా ఇంకొకటి ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన ఇళ్ళు మావి. నీళ్ళు పోయినా గోడల చెమ్మ పోలేదు. బీరువా వెనక బూజు గీకిన రోజల్లా ఇంట్లో అందరికీ తుమ్ములే.

ఈ కాగితం రాస్తున్న నేను గుడివాడ వైపు ఒక రైసుమిల్లులో గుమాస్తాగా చేశాను. తవుడు దుమ్ము పీల్చగా పీల్చగా ఒక శీతాకాలం ముక్కు రెండు పక్కలా బిగుసుకుపోయింది. మందుల షాపు కుర్రాడు చిన్న సీసా చేతిలో పెట్టి, "రెండు చుక్కలు వేసుకోండి బాబాయ్, ఇట్టే తెరుచుకుంటుంది" అన్నాడు. అన్నట్టే తెరుచుకుంది. ఎన్నాళ్ళు వేసుకోవాలో అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఆరేళ్ళు వేసుకున్నాను.

జేబులో ఒక సీసా, దిండు కింద ఒక సీసా. పెళ్ళికి వెళ్తూ కండువా మరిచిన రోజులున్నాయి గానీ సీసా మరిచిన రోజు లేదు. రాత్రి రెండింటికి ఊపిరాడక మెలకువ వచ్చేది. చీకట్లోనే తడుముకుని మూత తిప్పి చుక్క వేసుకుంటే గొంతులోకి చేదు దిగేది, ఆ తర్వాత నిద్ర. "ఆ సీసాతోనే కాపురం చెయ్యండి" అని మా ఆవిడ దెప్పేది. చివరికి చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారు లోపలికి లైటు వేసి చూసి, "మీ జలుబు ఎప్పుడో పోయిందండీ, ఇప్పుడు ముక్కు మూస్తున్నది ఈ సీసాయే" అన్నారు.

ఆయన చెప్పింది ఇదీ. ఓట్రివిన్, నాసివియాన్ పేర్లతో మనమెరిగిన చుక్కల్లో ఉండేది జైలోమెటజోలిన్ లేదా ఆక్సీమెటజోలిన్. ముక్కు లోపలి పొరలో ఉబ్బిన రక్తనాళాలను అవి బిగిస్తాయి, పొర తగ్గి దారి తెరుచుకుంటుంది. మూడు నుంచి ఐదు రోజుల వరకు ఫరవాలేదు. అది దాటితే మందు దిగిన ప్రతిసారీ పొర మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతుంది. ఉబ్బిందని మళ్ళీ చుక్క, చుక్క వేశామని మళ్ళీ ఉబ్బు. నాకు ముందు ఒక పక్క మానిపించి, స్టెరాయిడ్ స్ప్రే రాసిచ్చి, తర్వాత రెండో పక్క మానిపించారు. మొదటి వారం నరకం. నోటితో ఊపిరి పీల్చుకుంటూ కూర్చునే నిద్రపోయాను.

సీసా మీద హెచ్చరిక లేదనడం లేదు. ఉంది, ఇంగ్లీషులో, ఆవగింజంత అక్షరాల్లో. లేబుల్ మార్చడం ఢిల్లీ పని అని మాకు తెలుసు. 2022లో కేంద్ర ఆరోగ్య శాఖ డాక్టరు చీటీ లేకుండా అమ్మదగ్గ మందుల ముసాయిదా తెచ్చి అందులో ఈ చుక్కలనూ చేర్చింది. ఐదు రోజులకు మించి వాడకూడదు, తగ్గకపోతే డాక్టరును చూడాలి అన్న షరతు కూడా పెట్టింది. ఆ షరతునే తెలుగులో చిన్న చీటీగా అచ్చువేయించి ప్రతి సీసాకు అతికించి అమ్మేలా మందుల షాపులకు మీరు ఆదేశం ఇవ్వాలి. ఇదే మా ముఖ్యమైన కోరిక. చీటీలో "తెరిచిన తేదీ" అని ఒక గీత ఉండాలి. బీపీ, గుండెజబ్బు, థైరాయిడ్, నీటికాసులు, ప్రొస్టేట్ వాపు ఉన్నవాళ్ళు డాక్టరును అడక్కుండా వాడరాదన్న మాట, ఒకరి సీసా ఇంకొకరు వాడరాదన్న మాట కూడా అందులో చేరాలి.

ఇక బిళ్ళలు. "రెండు పూటలకు జలుబు బిళ్ళలివ్వండి" అంటే షాపులో కత్తెర తీసుకుని షీటులో నాలుగు బిళ్ళలు కత్తిరించి కాగితం పొట్లంలో వేస్తారు. పేరు ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో ఉండిపోతాయి. వీటిలో చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది. అది తెలియక జ్వరానికని వేరే పారాసెటమాల్ కూడా వేసుకునేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. మత్తు తెచ్చే క్లోర్‌ఫెనిరమిన్ వేసుకుని ఆటో నడిపేవాళ్ళూ ఉన్నారు. దిబ్బడ కోసం కలిపే ఫినైలెఫ్రిన్ కథ మరీ విడ్డూరం. నోటితో మింగితే అది ముక్కుకు పనిచేయదని 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. 2024 నవంబరులో అక్కడ దాన్ని తీసేయాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. ఇక్కడ బీపీ మనిషి డబ్బిచ్చి మరీ అదే కొనుక్కుంటున్నాడు. విడిగా బిళ్ళలు అమ్మితే మందు పేరు, గడువు తేదీ, రోజుకెన్ని అన్నవి పొట్లం మీద పెన్నుతో రాసివ్వాలని ఆదేశించండి. ఫార్మసిస్టు కౌంటరులో ఉన్నారా, గోడకు సర్టిఫికెట్ మాత్రమే వేలాడుతోందా అన్నది కూడా మీ ఇన్‌స్పెక్టర్లు చూడాలి.

పసిపిల్లల సంగతి వేరే చెప్పాలి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన చుక్కలను నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి రాష్ట్రాలకు రాశారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లల ప్రాణాలు తీసిన కోల్డ్‌రిఫ్ సిరప్ కూడా జలుబు మందే. అక్కడ చంపింది అందులో కలిసిన డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం. కానీ ఆ మందు ఆ వయసు పిల్లలకు అవసరమా అన్న ప్రశ్న మిగిలే ఉంది. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని ఆ అక్టోబరులో కేంద్రం మళ్ళీ చెప్పింది. ఇవన్నీ డాక్టర్లకు, షాపులకు చేరే ఉత్తరాలు. మా కోడళ్ళకు, కూతుళ్ళకు చేరవు. పెద్దల ముక్కు చుక్కలు ఒకటి రెండు మిల్లీలీటర్లు పొరపాటున కడుపులోకి పోయినా పసివాడు మగతలో పడి గుండె నెమ్మదించవచ్చని మా వీధిలో ఒక్క తల్లికీ తెలియదు. సీసా టీవీ పక్కనే ఉంటుంది. అంగన్‌వాడీల్లో, టీకాల రోజున ఏఎన్‌ఎం ఈ ముక్క చెప్పేలా కలెక్టర్ గారు చూడాలి.

పల్లెల్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో ఉప్పునీటి చుక్కలు ఎప్పుడూ ఉంచాలని కూడా మనవి. పసివాళ్ళ దిబ్బడకు చాలాసార్లు అవే సరిపోతాయి. ప్రభుత్వ ఆసుపత్రి చెవి, ముక్కు విభాగంలో వారానికొక పూట నాలాంటి సీసా బానిసలకు కేటాయించండి. ముక్కు దూలం వంకరో, కండ పెరిగిందో, వట్టి అలవాటో అక్కడ తేలుతుంది. అమృతాంజనం రాసుకుంటే పోదా అని మీరు అనవచ్చు. దాన్ని 1893లో పుట్టించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు మా కృష్ణా జిల్లా ఎలకుర్రు మనిషే, ఆ గర్వం మాకూ ఉంది. కానీ ఆ ఘాటుకు ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుందే తప్ప లోపలి వాపు తగ్గదట.

నెలలోపు షాపులకు సర్క్యులర్ పంపి, దాని నకలు మాకు ఇప్పించవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
సింగ్‌నగర్, పాయకాపురం నివాసులు
(సంతకాలు, వేలిముద్రలు వెనక పేజీలో)

జతపరచినవి: తెలుగు చీటీ నమూనా ఒకటి. నా ఖాళీ సీసాలు రెండు. వాటి మీది అక్షరాలు చదవడానికి భూతద్దం ఒకటి. భూతద్దం మనవడిది, పని అయ్యాక తిరిగి ఇప్పించగలరు.