గేర్‌బాక్స్ పోతే మెషీన్ పోయినట్టేనా?

మాదాపూర్, కొండాపూర్ ఫ్లాట్లలో టాప్‌లోడ్ వాషింగ్ మెషీన్ గరగరమంటే చాలాసార్లు వినిపించే తీర్పు: "గేర్‌బాక్స్ పోయింది, కొత్తది కొనుక్కోండి."

ఆ తొందర తప్పు. ఉతికేటప్పుడు బ్రేక్ డ్రమ్మును పట్టి ఉంచుతుంది. గేర్లు మోటారు వేగాన్ని తగ్గించి, అడుగున బట్టలను కదిలించే పళ్లెం లాంటి పల్సేటర్‌ను తిప్పుతాయి. పిండేటప్పుడు డ్రెయిన్ మోటారు ఆ బ్రేకును వదిలిస్తుంది. ఇన్ని భాగాలున్నాయి కాబట్టి, మోటారు మూలుగుతూ కదలకపోతే ముందు కెపాసిటర్‌ను చూడాలి. మోటారు తిరిగినా పల్సేటర్ కదలకపోతే బెల్టునూ, పల్సేటర్ పళ్లనూ చూడాలి. కింద నూనె మరకలు, చేత్తో తిప్పితే గరుకుదనం ఉంటేనే అనుమానం గేర్‌బాక్స్ మీదికి పోవాలి. సీలు అరిగి నీళ్లు బేరింగుల్లోకి దిగితే తుప్పు ఖాయం.

అప్పుడు కూడా గేర్‌బాక్స్ ఒక్కటి మారిస్తే చాలు.

ఇలా మరమ్మతు చేయించుకునే హక్కు కోసమే 2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. విడిభాగాల లభ్యతకు చట్టబద్ధమైన హామీ కూడా రావాలి. ఈలోగా మెకానిక్‌ను పాడైన భాగం విప్పి చూపించమనండి. సమాధానం దొరక్కపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.